సోని చేతిలో తాడు

కొండల నడుమ డ్యాం నీళ్ళు. ఇంటి వెనక తన చేతులతో కట్టుకున్న తెరచాప పడవలో ఫల్గుణ తన భార్య సోనిని అవతలి ఒడ్డున ఉన్న పుట్టింటి ఊరికి తీసుకెళ్తున్నాడు. వెనక చుక్కాని అతని చేతిలో ఉంది, ముందర తెరచాప తాడు ఆమె చేతిలో ఉంది. మధ్యలో తెరచాప అడ్డం, ఒకరి ముఖం ఒకరికి కనపడదు. పెళ్ళాన్ని శాశ్వతంగా దింపి రావడానికి వెళ్ళే మొగుడు చుక్కాని తిన్నగా పట్టుకోవాలంటే మాటలా మరి.

"మల్లీ ఆపుతావేటి?"

"ఆపనేదు. తెరచాప కొయ్య ఎడం పక్కకి వాలింది, సూడు."

"నాకు తిన్నగానే ఉంది."

"నీకు తెలీదు. కొయ్యని పట్టే తీగ ఈ పక్కది సడలింది. ఒక్కసారి మర తిప్పి బిగించీసి వత్తాను. తాడు పట్టుకుని అలాగే కూకో."

"బయల్దేరినప్పుడు తిప్పినావు. లంక కాడ ఆపి తిప్పినావు. ఆ సిల్వరోక్ కొయ్య విరిగీదాకా తిప్పుతావా?"

"గాలి పెరిగితే కొయ్య ఊగుతాది సోనీ. ఊగితే తెరచాప కొట్టుకుంటాది."

"కొట్టుకుంటే కొట్టుకోనీ. మా అన్న, పెద్దలు ఒడ్డున కాసుకునుంటారు. బేగి పోనీ."

"అంబలి తాగుతావా? ఆనపబుర్రలో పోసి తెచ్చినాను."

"వద్దు."

"సల్లగా ఉంది."

"వద్దన్నాను గదా. ఇంజను పడవైతే ఈపాటికి పెద్దలు నీ మాట ఇని, టీ తాగి లేచిపోయేవోళ్ళు."

"తాడు కొంచెం ఇయ్యి."

"ఏటియ్యాలి?"

"తాడు. కొంచెం... సడలించు."

"సడలించాలా? అది ఏ ఊరి మాట? 'వదులు' అనేవోడివి గదా. నాకు తాడు పట్టడం నేర్పినప్పుడు పొద్దస్తమానం అదే పాట. లాగు సోనీ, వదులు సోనీ."

"ఏదో ఒకటి. ఇయ్యి."

"ఇచ్చినాను. ఆ మాట ఈయాల నీ నోట్లోంచి రాదేటి?"

"ముడత సూడు. తెరచాప కింద కొయ్య కాడ ముడత పడతందా?"

"నీళ్ళు నమలకు మావా. పెద్దల ముందర నువ్వనాల్సింది ఆ ఒక్క మాటే. 'వదిలినాను' అంటే సాలు, నా దారి నాది. మా అన్న వచ్చినప్పుడు ఒప్పుకున్నావు."

"ఒప్పుకున్నాను."

"మరి?"

"ముడత సూడమన్నాను."

"ఉంది. కుట్టిన దాన్ని నాకు తెలీదా? కాఫీ పళ్ళు ఎండబెట్టే పట్టాలు రెండూ ఒక్కలాగ లేవు, కుట్టు కాడ ముడత పడతాదని అప్పుడే సెప్పినాను."

"కింది కొయ్య తాడు ఇంకాస్త లాగి కడితే పోతాది."

"పోదు. నువ్వు లాగుతానే ఉన్నావు, అది అలాగే ఉంది."

"సోనీ, ఈ పడవ ఎవరికోసం కట్టినాను నాను?"

"నాకు తెలీదు."

"నీకు తెలుసు."

"తెలుసు. అందుకే దీన్ని సూడబుద్ది కాదు. మన పాపకి జొరమొచ్చిన రోజు ఇంజను పడవ అవతలే ఉండిపోయింది. పాపని ఒళ్ళో ఏసుకుని నీళ్ళకేసి సూత్తా కూకున్నాను. ఆయాల నేని పడవ ఇప్పుడెందుకు? సేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు."

"ఇంకోళ్ళ పిల్లకైనా పనికొస్తాదని."

"ఇంకోళ్ళ పిల్ల. నా కాడ ఒక్క పూట కూకున్నావా నువ్వు? పాపని పూడ్చొచ్చి మర్నాడే గొడ్డలట్టుకుని కొయ్య కోసం ఎల్లిపోయినావు. సాయంత్రమైతే సిగ్నల్ కోసం కొండెక్కి, ఫోన్లో పడవలు సూసుకునేవోడివి. నాను ఇంట్లో గోడతో మాటాడుకున్నాను."

"ఇంట్లో ఉండలేకపోయినాను."

"నాను ఉన్నాను గదా."

"నీ మొకం సూడలేకపోయినాను సోనీ. పాప మొకం నీదే."

"ఈ మాట అప్పుడు సెప్పుంటే బాగుండును."

"ఇప్పుడు సెప్తన్నాను."

"ఇప్పుడు ఒడ్డు కనబడతంది మావా."

"తిప్పీమంటే తిప్పీస్తాను. సుక్కాని నా సేతిలోనే ఉంది."

"వద్దు."

"నామీద అంత కోపమా?"

"కోపం నేదు. కోపముంటే నిన్ను తిట్టుకుంటా ఇంట్లోనే బతికీదాన్ని. నీ పక్కన పడుకుంటే ఊపిరాడదు. నా మొకంలో నువ్వు పాపని ఎతుక్కుంటావు, నీ మొకంలో నానెతుక్కుంటాను. ఎన్నాళ్ళని?"

"నువ్వెల్లిపోతే నానేటైపోతానో ఆలోసించినావా?"

"ఆలోసించే ఇన్నాళ్ళూ ఉన్నాను."

"నాను ఆ మాట అనను."

"అదేటి?"

"పెద్దల ముందర నోరిప్పను. నాను అననంతకాలం నువ్వు నా పెళ్ళానివే. మనోళ్ళ పద్ధతి అదే గదా."

"అందుకా? అందుకా పొద్దుట్నుంచి ఆ మరలు తిప్పుతున్నావు? కావాలని తీగలు సడలగొట్టి పడవని నడవనీకండా..."

"ఒక్క తీగే."

"సిగ్గు నేదా నీకు?"

"నేదు. నువ్వు నాకు కావాలి. దానికి సిగ్గేటి?"

"మావా, అటు సూడు. కొండమీంచి గాలి దిగతంది. నీళ్ళు నల్లబడిపోతన్నాయి."

"సూసినాను. తాడు గట్టిగా పట్టుకో."

"గట్టిగానా? పడవ వంగిపోతంది. ఏటి సెయ్యాలో సెప్పు."

"నువ్వు గాలొచ్చే పక్కకి జరుగు."

"జరిగినాను. నీళ్ళు లోనకొస్తన్నాయి. తాడేటి సెయ్యాలి?"

"కొంచెం ఇయ్యి."

"కొంచెం సాలదు. నువ్వు సడలగొట్టిన తీగే అది, కొయ్య కిర్రుమంటంది. సెప్పు."

"మొత్తం ఇచ్చీ. ఇచ్చీ."

"గాలికి ఇనబడదు. ఏటన్నావు?"

"తాడు..."

"తాడేటి?"

"వదులు. వదులు సోనీ, వదిలీ. ములిగిపోతావు."

పడవ ఒక్క కుదుపుతో నిలబడింది. తెరచాప గాలికి టపటపా కొట్టుకుంటోంది.

"సోనీ. ఉన్నావా?"

"ఉన్నాను."

"దెబ్బేటైనా తగిలిందా?"

"నేదు. తడిసిపోయినాను, అంతే."

"సమయానికి వదిలినావు. ఇంకొంచెం ఆగుంటే ఇద్దరం పోయేవోళ్ళం."

"నువ్వనకముందే తాడు వదిలీసినాను మావా."

"మరి ఏటన్నావు, ఏటన్నావు అని నన్నడిగినావెందుకు?"

"నీ నోట ఆ మాట ఇందామని. అన్నావు గదా, సాలు. నన్ను ఒడ్డున దించీసి నువ్వు తిరిగెల్లిపో, పెద్దలకి నాను సెప్పుకుంటాను. అంతమంది ముందర నీ సేత మల్లీ అనిపించలేను."