స్పీడు సారు అంబులెన్సు

ఆఫీసు ఎదుట టీ కొట్టు దగ్గర స్పీడు సారు గొంతు సవరించుకున్నాడంటే కుర్ర ఇంజినీర్లు బెంచీ వదలరు. వైర్‌లెస్ కంపెనీలో పెద్ద ఇంజినీరాయన. ఆ సాయంత్రం అతని మరదలు అటే వచ్చింది. అదే ఆఫీసులో టెస్టింగ్ చూసేది. ఉద్యోగం పోయింది, గుర్తింపు కార్డు అప్పగించి వస్తోంది.

"రా పిల్లా, కూర్చో. విని మీ అక్కకి చెబుదువుగాని" అని పక్కకి జరిగాడు. కాదనలేక కూర్చుంది.

"మొదట్లో మన లింకుది నత్తనడక. నేనేం చేశానూ? సిగ్నలు పోయే బ్యాండు కాస్త వెడల్పు చేశా. అంతే, రెప్పవేసేలోగా సినిమా దిగిపోయింది!"

"నిజమా సార్?"

"ఇంకా వెడల్పు చేశా. మీట నొక్కకముందే ఏం కావాలి బాబూ అని సిగ్నలే అడగడం మొదలెట్టింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా ఆవిడ రేపు చెయ్యబోయే ఫోను ఇవాళే వచ్చేసింది, రేపటి తిట్లతో సహా!"

కొట్టాయన పాలగిన్నె దించి మరీ నవ్వాడు. మరదలికి నవ్వు రాలేదు. ల్యాబులో కదలని బల్ల మీద వేగం వచ్చిన మాట నిజమే. రోడ్డు మీదైతే సిగ్నలు గోడలకీ లారీలకీ తగిలి మలుపు మలుపుకీ మారిపోతూ చేరుతుంది. ఆ దారి ఎలా ఉందో అందుకునే యంత్రానికి తెలియాలంటే మధ్యమధ్యలో పైలట్ సిగ్నళ్లు పంపుతూ ఉండాలి. బ్యాండు పెంచేకొద్దీ తెలుసుకోవలసింది పెరుగుతుంది, ఉన్న పవరేమో పలచబడిపోతుంది. "బ్యాండు తగ్గించు బావా, పైలట్లు తియ్యకు" అని ఎంత బతిమాలిందో. తీసేస్తే వాటి చోటూ కలిసొచ్చి స్పీడు అంకె ఇంకా పెద్దగా కనబడుతుందని తీసేశాడు.

"అసలు సంగతి వినండ్రా! దాన్నే అంబులెన్సులో పెట్టాం. లోపల ఒళ్లూ కళ్లూ కాలిన మనిషి, ఆసుపత్రిలో డాక్టరు. బండి దూసుకుపోతోంది. బొమ్మ ఎంత స్పష్టమంటే, డాక్టరు చెయ్యి తెరలోంచి బయటికొచ్చి నాడి పట్టుకుంది, కళ్లలో మందు కూడా వేసింది!"

"ఆ మనిషికి చూపు పోయింది బావా."

బెంచీ మీదివాళ్లంతా ఆమె వైపు తిరిగారు.

"బండి కదలగానే బొమ్మ నిలిచిపోయింది. ఏం చెయ్యాలో చెబుదామన్నా డాక్టరుకి ఏమీ కనబడలేదు. టెస్టింగ్‌కని నేను ఆ మనిషి పక్కనే ఉన్నాను."

"కెమెరా మీరు సరిగా పెట్టలేదనీ, అందుకే మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేశారనీ..." ఓ కుర్రాడు నసిగాడు.

"అలా చెప్పింది ఈయనే. పైవాళ్ల ముందు నా తల నిమిరి, చిన్నపిల్ల, పొరపాటు పడింది, క్షమించండి అన్నాడు. అక్క మొహం చూసి నోరు మూసుకున్నాను."

"కథని కథలా వినాలమ్మా" అన్నాడు స్పీడు సారు గొంతు తగ్గించి. "నలుగురిలో ఏంటిది? ఇంటికెళ్లి మాట్లాడుకుందాం పద."

మరదలు లేచి నిలబడింది.

"ఆ మనిషి ఇంటికే వెళ్దాం పద బావా. ఆ చెయ్యి కథ ఆయన పక్కన కూర్చుని చెప్పు. నువ్వు నవ్వుతూ చెప్పినా ఆయనకి కనబడదులే."