గడియ పెట్టిన గది

సాయంత్రం, రెండో అంతస్తులో లాయరమ్మ ఆఫీసు గది. లోపల ఆమె, ఆమె అన్న.

“ఉందా, లేదా? ఒక్క మాట చెప్పు చాలు.”

“ఇందాకట్నుంచి చెప్తూనే ఉన్నా అన్నయ్యా. ఆ ఆడవాళ్ళ షెల్టర్‌లో ఎవరున్నారో, ఎవరు లేరో నేను బయట చెప్పకూడదు.”

“నేను బయటివాణ్ణా?”

“ఈ విషయంలో, అవును.”

“అబ్బో! నెలకోసారి వెళ్ళి, టీ తాగి, నాలుగు కాగితాల మీద సంతకం పెట్టొచ్చే బోర్డు మెంబరువి. దానికింత బిల్డప్పా?”

“బోర్డులో చేరేటప్పుడు మాటిచ్చాను.”

“నాన్న పోయాక నీ చదువు మాన్పించేద్దామంటే అడ్డుపడిందెవరు? చదివిస్తానని నేనివ్వలేదా మాట?”

“ఇచ్చావు. నిలబెట్టుకున్నావు కూడా. అందుకే ఇంతసేపూ వింటున్నా. ముందా గడియ తియ్యి.”

“గడియ సంగతెందుకు? నీ గుమస్తాని కూడా ఇంటికి పొమ్మన్నా. నోటితో చెప్పొద్దులే, తలాడించు. మీ వదిన అక్కడుంటే ఇలా, లేకపోతే ఇలా.”

“ఎవరి పేరు చెప్పి అడిగినా నా తల కదలదు.”

“సరే, అది వదిలెయ్. నా తరఫున కేసు వెయ్యి, నా భార్యని నాకు అప్పజెప్పమని. ఊరందరి కోసం వాదిస్తావుగా.”

“నీ కేసు నేను తీసుకోలేను.”

“ఏం? అవతలివాళ్ళది తీసుకున్నావా?”

“లేదు, అది వేరే లాయరు...”

“ఆఁ! అంటే కేసుంది! అక్కడే ఉందన్నమాట!”

“నేనలా అన్లేదు.”

“అన్నావు. ఇప్పుడే, నీ నోటితోనే. లాయరమ్మా, దొరికిపోయావ్!”

“అన్నయ్యా, చెయ్యి వదులు.”

“ఒక్కసారి చెయ్యి చేసుకున్నానే. ఒకే ఒక్కసారి! దానికే ఇల్లొదిలి పోతుందా?”

“ఒక్కసారా?”

“ఏం చెప్పింది నీకు? ఏం చెప్పింది?”

“ఒకరు చెప్పాలా? మండే ఎండల్లో పొడుగు చేతుల జాకెట్టు... వదులు, నొప్పెడుతోంది.”

“అమ్మ కూడా పిన్నివాళ్ళింటికి వెళ్ళిపోయింది. ఇంట్లో పిచ్చెక్కిపోతోందే నాకు! అడ్రస్ చెప్పు. మాట్లాడి వచ్చేస్తా, అంతే.”

“చెప్పను. తలుపు తీస్తావా, కేకలెయ్యనా?”

“వెయ్యి. కిందంతా హారన్ల మోత, ఎవరికి వినపడుతుంది? నీ ఫోనేది?”

“దాని జోలికి పోకు!”

“ఇదిగో, మోగుతోంది కూడా. అమ్మే! మంచిది, అమ్మతోనే చెప్పిస్తా నీకు. స్పీకర్ పెడుతున్నా. మాట్లాడు.”

“ఎత్తొద్దు, అన్నయ్యా, ప్లీజ్...”

“బుజ్జీ, వినపడుతోందా? వదినకి జ్వరం తగ్గిందే. నా పక్క మంచం మీదే పడుకుంది. వాడితో పిన్ని దగ్గరికెళ్తున్నానని అబద్ధమాడొచ్చాను గానీ, ఏమైనా తిన్నాడో లేదో వెధవ...”

“అమ్మా, ఆపు! అన్నయ్య ఇక్కడే ఉన్నాడు. గడియ పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు.”

“అమ్మా... నువ్వూ ఆ షెల్టర్‌లోనే ఉన్నావా?”

“ఉన్నాన్రా.”

“ఇదంతా దీని పనే కదూ! నిన్ను కూడా మాయచేసి...”

“పాపం, దాన్నేం అనకు. మమ్మల్నిక్కడ చూసి బిత్తరపోయింది. చేతులు జోడించి నేనే నోరు మూయించా.”

“మరి నా పెళ్ళాన్ని అక్కడికి ఎవరు తీసుకెళ్ళారు? చెప్పమ్మా, ఎవరు?”

“ముందు చెల్లెల్ని వదులు పెద్దోడా. తలుపు తియ్యి. మీ నాన్నా ఇలాగే గడియ పెట్టేవాడు. అప్పుడు నాకోసం ఎవరూ రాలేదురా. అందుకే కోడల్ని నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశా.”