ఖాళీ గది శబ్దం

బడిలోని ఎడిటింగ్ గదిలో వీడియో మాస్టారు హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, పక్కనున్న విద్యార్థి వైపు తిరిగాడు.

"మాటల మధ్య అతకడానికి ఖాళీ గది నిశ్శబ్దం ఒక నిమిషం రికార్డు చెయ్యమన్నాను. ఇందులో ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు."

"మా అమ్మ సార్. తన ఇంటర్వ్యూ అయ్యాక ఆ గదిలోనే ఉండిపోయింది."

"బయటికి పంపమని చెప్పానా లేదా?"

"అప్పటికే మంచం దిగలేకపోయేది సార్."

"ఆవిడ పోయి నెలైంది. గది ఇప్పుడు ఖాళీయేగా, వెళ్లి మళ్లీ రికార్డు చెయ్యి."

"ఖాళీయే సార్. అందుకే చెయ్యను."

"మార్కులు పోతాయి."

"పోనివ్వండి."

మాస్టారు తెరవైపు తిరిగాడు.

"మా ఆవిడ బతికున్నప్పటి రికార్డింగులో ఊపిరి ఒక్కటీ మిగల్చకుండా తీసేశాను. పని శుభ్రంగా కుదిరిందని మురిసిపోయాను కూడా. నీకు మార్కులు కోస్తాను. అది మాత్రం చెరపకు."