మిరపచేలో అంకమ్మ చెప్పిన సినిమా

అంకమ్మ ఉంది చూశారూ, మా మిరపకోతల ముఠాలో, ఆమెకి కోపం ముక్కు మీదే ఉంటది. ఆదివారం పేటకెళ్ళి సినిమా చూసొచ్చుద్ది, సోమవారం చేలో మాకు చెప్పుద్ది. మా కాడ పద్ధతేందంటే, సినిమా చెప్పే మనిషి గట్టు మీద కూచోవచ్చు, ఆమె వంతుకొచ్చిన మిరపసాలు మిగతావాళ్ళం కోసిపెట్టాలి. అంకమ్మ ఊరికే చెప్పుద్దా? తిట్టుకుంటా చెప్పుద్ది. మొన్న ఫైటింగు సినిమా చూసొచ్చిందనుకోండి, ఆ హీరో కల్లంలో పడి ఊరంతమందిని కొట్టాడంట, ఎండబెట్టిన మిరపకాయంతా తొక్కి నాశనం చేశాడంట. కాయ పోయిన రైతు సంగతి ఒక్కడన్నా అడిగాడా, వాడికి మళ్ళీ పాటొకటి, అని మండిపడింది. దెయ్యం సినిమా చూసొచ్చినప్పుడు ఇంకా మంట. ఆ పిల్లని చంపిందేమో ఊరి దొర, ఈ దెయ్యమేమో వంటమనిషినీ పాలుపోసేవోణ్ణీ బెదిరిస్తా తిరుగుద్దంట. చచ్చినాక కూడా పేదోళ్ళ మీదేనా దీని పెత్తనం, ఆ దొర మంచం కాడికి పోటానికి ఏం రోగం అంది. ప్రేమ సినిమాలో అయితే వాడు ఆ పిల్ల ఎంట తిరగ్గా తిరగ్గా ఆమెకి ప్రేమ పుట్టిందంట. మన ఊళ్ళో అట్టా తిరిగితే చెప్పుతో కొడతాం, అక్కడ పెళ్ళి చేస్తన్నారు అంది. మేం నవ్వలేక చచ్చాం.

సరే, ఆ కోతలప్పుడే ఏమైందంటే, మా పక్కింటి పిల్ల శివపార్వతి ముఠాలోకొచ్చింది. మొగుడు కుడిచెయ్యి విరగ్గొడితే పుట్టింటికొచ్చేసింది పాపం. కట్టు ఇప్పి ఎన్నాళ్ళో కాలా, ఎడం చేత్తోనే కోసేది. మంగళవారం అత్తారి తరపున పెద్దమనుషులొస్తన్నారు, పిల్లని తీసకపోటానికి. తండ్రేమో పంపిచ్చేద్దామనే ఉన్నాడు, ఈ పిల్లేమో నోరిప్పదు. ముందురోజు అంకమ్మ కుటుంబ సినిమా మొదలెట్టింది. అందులోనూ మొగుడు కొడతాడంట, పెళ్ళాం పుట్టింటికొస్తదంట, పెద్దమనుషులొస్తారంట. శివపార్వతి కోత ఆపేసి, ఇంతకీ ఎళ్ళిందా అత్తా మళ్ళీ, అనడిగింది. అంకమ్మ ఆ పిల్ల ముఖం చూసింది, ఇరిగిన చెయ్యి చూసింది. ఎళ్ళలేదే, తలుపేసుకుంది, వచ్చినోళ్ళు అరుగు మీద కూచుని కూచుని ఎళ్ళిపోయారు, అయిపోయింది సినిమా, అంది. మర్నాడు నిజం పెద్దమనుషులొచ్చారండి. శివపార్వతి రానంటే రానంది. తండ్రి అరిచాడు, ఆళ్ళు అరిచారు, ఈ పిల్ల మాత్రం గడప దాటలా.

తర్వాత ఆదివారం మా ముఠా ఆడవాళ్ళంతా ఆ సినిమాకెళ్ళాం. అక్కడేముందనుకున్నారు? ఆఖర్న ఆ పెళ్ళాం మొగుడి కాళ్ళ మీద పడి నాదే తప్పని ఏడిచి, సంచి సర్దుకుని ఎనకాలే పోయింది. హాల్లో జనం చప్పట్లు కూడానూ. సోమవారం మావాళ్ళు అంకమ్మని పట్టుకున్నారు. అబద్ధం చెప్పి మాచేత సాలు కోయించుకున్నావు, పైగా ఒక పిల్ల కాపురం కూల్చావు, ఇక నీ సాలు నువ్వే కోసుకో, అని ఒకటే గొడవ. కాపురం మాట ఇనేసరికి అంత నోరున్న అంకమ్మా గట్టు దిగి తన సాల్లోకి నడిచింది.

అప్పుడు శివపార్వతి అంది గదా, ఆమెనేం అనబాకండి పిన్నీ, ఆ సినిమా మా అత్తారింటి కాడ ఆడినప్పుడే నేను చూశా, మా ఆయనే తీసకెళ్ళాడు, ఇంటికొచ్చి, చూశావా ఆడది ఎట్టుండాలో అని మొదలెట్టాడు, ఈ చెయ్యి ఇరిగింది ఆ రోజే, అంది. మరి తెలిసీ ఎందుకడిగావే ఆ మాట, అన్నాం. ఎళ్ళలేదని ఒక్కళ్ళ నోటెంటన్నా ఇందామని పిన్నీ, అంది.

మేం అంకమ్మని మళ్ళీ గట్టెక్కించి కూచోబెట్టాం. అంకమ్మ సాలు ఎప్పట్లాగే కోశాం. కానీ నా కోపం ఇంకా దిగలేదండి. ఆ సినిమా తీసినోడు మీకెక్కడన్నా కనపడితే మా చేలోకి రమ్మన్నానని చెప్పండి. పొద్దుటాల నుంచీ కాయ కోసిన ఈ చేత్తో వాడి కళ్ళు తుడిచి పంపిస్తా.