రెప్ప వాల్చని పిల్లాడు

అది ఎన్నో కప్పే అర్వా, మూడోదా? అబ్బే, వద్దనట్లేదు, తాగు. పిల్లకి పాలు పట్టాకే తాగుతున్నావుగా, మంచిదే. దీంతో ఆపేయ్ మరి. మీ నాన్న బజారు నుంచి ఇంకా రాలేదు కాబట్టి సరిపోయింది. పాలిచ్చే ఆడదాని చేతిలో కాఫీ కప్పు కనిపిస్తే వాడు లేచి బయటికి పోతాడు, ఎప్పుడైనా చూశావా? ఎందుకో నీకెవరూ చెప్పి ఉండరులే. వాడు కాక తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. ఆ దిండు ఇటు లాగు, నడుం పట్టేసింది. మీ నానమ్మ బతూల్ సంగతి చెప్తాను.

బతూల్ మా అన్న ఓనూర్ పెళ్ళాం, నాకు వదిన. కొండల వైపు పిల్ల, నోట్లో నాలుక లేనిది. అప్పుడు మేం సువాకిన్‌లో ఉండేవాళ్ళం, ఎర్ర సముద్రం ఒడ్డు మీద. కట్ట దాటితే దీవి. దాని మీద ఇళ్ళన్నీ అప్పటికే కూలిపోయాయి, పిల్లులు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. వదినకి తొలి కాన్పు, మీ నాన్న ఓహాజ్ పుట్టాడు. బాలింతని చూడ్డానికి నలభై రోజులూ ఆడవాళ్ళు వస్తారు కదా, ఇప్పుడంటే మిఠాయి డబ్బాలు తెస్తున్నారు గానీ, అప్పట్లో వచ్చిన ప్రతి ఆవిడా గుప్పెడు పచ్చి కాఫీ గింజలు కొంగులో కట్టుకొచ్చేది. అక్కడే కుంపటి మీద వేయించి, అల్లం వేసి దంచి, జబనా కూజాలో మరగపెట్టి, మొదటి కప్పు బాలింత చేతికివ్వాలి. వద్దంటే వచ్చినావిడ మొహం మీద తలుపేసినట్టే. ఒకటి తాగితే ఇంకో రెండు తాగాలి, సరి సంఖ్యలో ఆపకూడదు. మా అమ్మ సిత్తానా పెద్ద పేరున్న మనిషి, ఊరంతా వచ్చింది. మా అమ్మకి కాఫీ అంటే ఎంత పిచ్చంటే, స్వర్గం గుమ్మం దగ్గర కూడా ముందు కుంపటెక్కడని అడుగుతుందని మా నాన్న ఏడిపించేవాడు. సరే, ఏం చెప్తున్నా? ఆ, కాఫీ. పాపం వదిన, ఎవరినీ కాదనలేక అందరి కప్పులూ తాగింది.

మొదట్లో పిల్లాడు బాగానే ఉన్నాడు. తర్వాత్తర్వాత నిద్ర పోవడం మానేశాడు. ఏడిస్తే ఏడ్చాడనుకుంటాం. ఏడుపు కాదే, చూపు. గుప్పిళ్ళు బిగించి, గడ్డం వణికిస్తూ, కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తూ పడుకునేవాడు. మనల్ని కూడా కాదు, మన భుజం మీదుగా, వెనకాల ఎవరో నిలబడ్డట్టు. వచ్చినవాళ్ళు ఎత్తుకుని కాసేపు ఆడించబోయి, వాళ్ళే వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళు. నేను కూడా చూసుకున్నాను. వదిన ఒక్కతే భయపడలేదు. వాడికి నేను బాగా తెలుసు, అందుకే అంతలా చూస్తున్నాడు అనేది.

మా అమ్మ షేఖాని పిలిపించింది. గాలీ ధూళీ పట్టినవాళ్ళకి డప్పు కొట్టి, సాంబ్రాణి వేసి దింపే ఆవిడ. పిల్లాడి మాడు వాసన చూసి, లోపల ఒకటి కూర్చుంది, కాఫీ అడుగుతోంది, తల్లి ద్వారానే తాగుతుంది అంది. మన వైపు దయ్యాలకి కాఫీ లేనిదే పూట గడవదు కదా, అందరం నమ్మేశాం. ఇంకేముంది, ఇంకా చిక్కగా, ఇంకా ఎక్కువగా పోశాం. వదిన చెయ్యి వణికి కప్పు పళ్ళకి తగిలేది. పిల్లాడి కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి.

అప్పుడు షేఖా మాట మార్చింది. వీడిలో ఏదో ఉండటం కాదు, వీడే మనవాడు కాదు అంది. తల్లి కునుకు తీసినప్పుడు దీవి వాళ్ళు, ఆ కంటికి కనపడనివాళ్ళు, మార్చేసి పోయారట. వాళ్ళ పిల్లలకి నిద్ర ఉండదట. తిరిగి ఇచ్చేయాలి. దానికి ముందు ఓ వారం ఇంట్లో గింజ వేగకూడదు, తల్లి గొంతులో చుక్క దిగకూడదు, అది ఆకలితో తన వాళ్ళని పిలుచుకోవాలి. పిల్లాడి మొహం మీద నల్ల గుడ్డ వేసి ఉంచాలి, కళ్ళు ఎవరూ చూడకూడదు, పాలు కూడా గుడ్డ కిందే. ఆ తర్వాత దీవి మీద పాడుబడ్డ గుమ్మంలో పడుకోబెట్టి, పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు పిలుపు అయ్యేదాకా వెనక్కి తిరగకూడదు. తిరిగేసరికి నిద్రపోతుంటే మనవాడు, ఎత్తుకోండి. కళ్ళు తెరిచి ఉంటే వాళ్ళవాడే, అక్కడే వదిలేసి రండి.

మా అన్న గోడకేసి తిరిగి కూర్చున్నాడు. అమ్మ మాటకి ఎదురు చెప్పే రకం కాదు. వదిన ఒకటే అడిగింది, వదిలేసి వస్తే వాడికి పాలెవరిస్తారని. మా అమ్మ లేచి ఇంట్లో ఉన్న గింజలన్నీ మూట కట్టేసింది.

ఆ వారం మా ఇంట్లో కాఫీ వాసన లేదు. ఒక్కొక్కళ్ళకీ తల పగిలిపోయేది. వదిన నుదురు బిగించి కట్టుకుని, ఒకటే వాంతులు. గుడ్డ కింద పిల్లాడు ఏం చేస్తున్నాడో ఎవరికీ తెలియదు, ఎత్తి చూడాలంటే భయం. చెప్పిన రోజు పొద్దువాలుతుంటే షేఖా, అమ్మ, వదిన, నేను కట్ట మీదుగా నడిచాం. మొండి గోడల మీద పిల్లులు వరసగా కూర్చుని చూస్తున్నాయి. ఒక్కటీ అరవలేదు, కదల్లేదు. వదిన పిల్లాడిని గుమ్మంలో పడుకోబెట్టింది. అందరం అటు తిరిగాం. వెనకాల రాళ్ళు కదిలాయి, ఎవరో కాలు మార్చుకుని నిలబడ్డట్టు. నేను విన్నానే, ఒట్టు. నా చెయ్యి పట్టుకున్న వదిన గోళ్ళు నా చర్మంలో దిగాయి. ఒడ్డు నుంచి పిలుపు మొదలైంది, ఆ రోజు అది ఎంతకీ అయిపోలేదు.

తిరిగి చూస్తే గుడ్డ పక్కన పడి ఉంది. గాలికే అయ్యుంటుంది. పిల్లాడు నోరు తెరుచుకుని, గుప్పిళ్ళు వదిలేసి, హాయిగా నిద్రపోతున్నాడు. మా అమ్మ నాలుక ఆడిస్తూ సంతోషంగా కూతలు పెట్టి ఎత్తుకుంది. వదిన పిల్లాడిని చూడలేదు. ఆ గుమ్మం లోపలికి, చీకట్లోకి చూస్తోంది.

"వీడు కాదు," అంది. "నా వాడు నన్ను చూస్తాడు."

తర్వాతెప్పుడో నా కాన్పుకి పోర్ట్ సూడాన్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నర్సు చెప్పింది. మనం తాగిన కాఫీ కొంచెం పాలల్లోకి పోతుందట. పెద్దవాళ్ళకి పూటలో దిగిపోయేది, పసిగుడ్డుకి రోజులు పడుతుందట, అలా పోగుపడిపోయి నిద్ర పట్టదట. పాలిచ్చేసిన వెంటనే ఒకటో రెండో చిన్న కప్పులు తాగితే చాలామందికి పర్వాలేదు, బిడ్డ చిరాకు పడితే తగ్గించుకో, అంతే అంది. అంతేనటే. ఇంటికి రాగానే పరుగెత్తి వదినకి చెప్పాను. శ్రద్ధగా వింది, నిజమే అయ్యుంటుంది అంది. నా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ సాయంత్రమే వదిన కప్పు నిండా కాఫీ పట్టుకెళ్ళి, ఎప్పట్లాగే కట్ట చివర రాళ్ళ మీద పోసి వచ్చింది. ఇంకా ఎందుకు వదినా ఇది అంటే, వాడికి అలవాటు కదా అంది.

మీ నాన్నని మాత్రం కంటికి రెప్పలా పెంచింది, ఆ మాట చెప్పాలి. ఒక్క దెబ్బ వేసి ఎరగదు. చివరి రోజుల్లో వాడే స్పూనుతో నీళ్ళు పట్టేవాడు. నేను పక్కనే ఉన్నాను. వాడి చెంప నిమురుతూ అడిగింది.

"నిన్ను బాగానే పెంచాను కదా నాయనా. అక్కడ మీ అమ్మ నా వాడిని ఇలాగే చూసుకుందంటావా?"

వాడు స్పూను కింద పెట్టాడు. ఆవిడ పెదాలు తుడిచాడు. తర్వాత, చూసుకునే ఉంటుందమ్మా అన్నాడు.

గాలి తిరిగినట్టుంది, ఇసుక వస్తోంది. లేచి ఆ కిటికీ వేసెయ్యి తల్లీ.