గున్వోర్ చెప్పిన అబద్ధం

పెట్టెయ్, పెట్టెయ్ ఆ ఫోను. ముక్కులోంచి నాలుగు చుక్కలు రాలేసరికి అమ్మకి ఫోనా? మీ అమ్మేం చేస్తుంది, మంత్రం చదివి రక్తం ఆపేవాడికి ఫోను చేస్తుంది. మన ఫ్యోర్డులో, ఈ కొండల మధ్య సముద్రపు పాయ ఊళ్ళల్లో, ఇప్పటికీ చేస్తారు, నాకు తెలీదనుకోకు. ఇలా కూర్చో మారెన్. అయ్యో, తల వెనక్కి వాల్చకే! ముందుకి వంగు, నేల చూడు. ముక్కు ఎముక కింద మెత్తగా ఉంటుందే, అక్కడ రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకో. నోటితో ఊపిరి తీసుకో. గొంతులోకి వచ్చింది మింగకు, ఈ గిన్నెలో ఉమ్మెయ్. పావుగంట వదలొద్దు. ఆగిందా లేదా అని మధ్యలో తీసి చూసుకోవడాలు కుదరవు. నాకెవరు చెప్పారంటావా? గున్వోర్ చెప్పింది. ఏ గున్వోరా? చూశావా మరి! మీ తాత ప్రాణం నిలబెట్టిన మనిషి పేరు మీ ఇంట్లో ఒక్కళ్ళకీ తెలీదు. ఊఁ, నువ్వు మాట్లాడకు, వేళ్ళు జారతాయి. నేను చెప్తాను.

అప్పట్లో పోస్టాఫీసు పక్కగదిలో టెలిఫోను ఎక్స్ఛేంజి ఉండేది. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా గున్వోర్ తీగ కలపాల్సిందే. మొగుణ్ణి సముద్రం మింగేసింది. ఆ ఉద్యోగమే ఆవిడకి కూడు, ఎక్స్ఛేంజి పైగదే ఇల్లు. కాఫీ ఎప్పుడూ చల్లారాకే తాగేది. వేడిగా ఉన్నప్పుడు ఎవడో ఒకడు గంట మోగిస్తాడని నవ్వేది. మంచి నవ్వు. ఏం చెప్తున్నాను... ఆఁ, మీ తాత. మా అన్న హార్ట్‌విగ్ ఆ ఫిబ్రవరిలో కాడ్ చేపల వేట నుంచి పంటినొప్పితో వచ్చాడు. పళ్ళ డాక్టరంటే భయం. అంత మనిషి, అలలంటే లెక్కలేదు, పట్కారు చూస్తే వణుకు! ఆస్పిరిన్ బిళ్ళలు బఠాణీల్లా నమిలాడు. వాటితో రక్తం పల్చనైపోతుందమ్మాయ్, ఓ పట్టాన గడ్డకట్టదు. పైగా కిటికీ సందులన్నీ గుడ్డలు కుక్కి మూసేసి, ఇనప పొయ్యి ఎర్రగా మండించి, ఆ వేడిలో కూర్చున్నాడు. ముక్కు లోపల ఎండి పగిలింది. మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గర మొదలైంది చూడు, కుళాయి విప్పినట్టు.

మా నాన్న టోర్లైఫ్‌కి అన్నీ తెలుసు కదా! "తల వెనక్కి పట్టండ్రా!" అన్నాడు. మెడ మీద చల్లటి తాళంచెవి పెట్టించాడు. బయటికి రక్తం కనపడకపోయేసరికి "చూశారా, ఆగింది" అని మీసం దువ్వుకున్నాడు. ఎక్కడ ఆగింది? అంతా కడుపులోకి పోతోంది! కాసేపటికి భళ్ళున కక్కాడు, నల్లగా. మా అమ్మ కేక పెట్టింది. అప్పుడు నాన్న ఫోను అందుకున్నాడు. "గున్వోర్, యోకుంని కలుపు!" యోకుం అవతలి ఫ్యోర్డులో ఉండేవాడు, రక్తం ఆపేవాడు. రోగి పేరు చెప్తే చాలు, అక్కణ్ణుంచే ఏవో మాటలు చదువుతాడు. డబ్బివ్వకూడదు, థాంక్స్ చెప్పకూడదు, చెప్తే ఆగింది మళ్ళీ మొదలవుతుందిట. "టోర్లైఫ్ గారూ, యోకుం సముద్రం మీదున్నాడేమో, ముందు డాక్టరు గారిని కలుపుతాను" అందావిడ. "డాక్టరు మాటెత్తావంటే మంత్రం విరిగిపోతుంది! నా కొడుకుని చంపుతావా? యోకుంని కలుపు!" కొడుకు పక్కన పాలిపోయి ఊగిపోతున్నాడు, ఈయనకి మంత్రం విరగడం గురించి బెంగ!

యోకుం నిజంగానే వేటలో ఉన్నాడు. ఆవిడ గబగబా ఇంకో తీగ మీద డాక్టర్ని పట్టుకుంది; ఈ గాలిలో పడవ మీద రాలేనని, ఏం చెయ్యాలో ఆయన చెప్పాడు. మళ్ళీ మా నాన్నతో "యోకుం దొరికాడు. లైను బాగాలేదు, ఆయన మాట మీకు వినపడదు, నేను చెప్తాను" అంది. "ఆయన చదువుతున్నాడు. కుర్రాణ్ణి ముందుకి వంచమంటున్నాడు. ముక్కు నొక్కమంటున్నాడు. వదిలితే చదివింది పోతుందంటున్నాడు." అబ్బ, అప్పుడు చూడాలి మా నాన్న వినయం! వంగి వంగి "చిత్తం, చిత్తం" అన్నాడు గోడ ఫోనుకేసి. అన్న చేత ముక్కు పట్టించాడు. ఆగింది. గాలి తగ్గాక మర్నాడు డాక్టరు వస్తే, "యోకుమే పంపమన్నాడు" అంది గున్వోర్ ఫోన్లో. సరే రానిమ్మన్నాడు! డాక్టరు లోపల దూది పెట్టి, ఆస్పిరిన్ మానెయ్యమని, పన్ను పీకించుకోమని తిట్టి వెళ్ళాడు.

థాంక్స్ చెప్పకూడదు కాబట్టి యోకుంతో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మరుసటి చలికాలం అన్నకి మళ్ళీ కొంచెం కారితే నాన్న ఫోను చేశాడు. యోకుం దొరికాడు, "కిందటేడా? నాకెవరూ ఫోను చెయ్యలేదే" అన్నాడు. ఇంక చూస్కో! కొడుకు బతికాడన్న సంతోషం లేదు, తనని వెర్రివాణ్ణి చేసిందని మంట! "ఇవాళ యోకుం గొంతు, రేపు పాస్టరు గొంతు! ఈవిడ కలిపే ఫోను ఎవడు నమ్ముతాడు?" అని ఊరంతా తిరిగాడు. ఎక్స్ఛేంజి నడిపేది ఊరి సంఘమే, దాని హాల్లో మీటింగు పెట్టారు. యోకుం కూడా వచ్చాడు పాపం. "నేనున్నా ముక్కు నొక్కమనే చెప్పేవాణ్ణయ్యా, తర్వాతే చదివేవాణ్ణి" అన్నాడు. ఎవడు విన్నాడు? కొట్టు నడిపే ఆర్న్‌ట్ దానికి అధ్యక్షుడు. పొట్ట సర్దుకుని, "మళ్ళీ ఇలా చెయ్యనని మాటిస్తే ఉద్యోగంలో ఉండనిస్తాం" అన్నాడు. గున్వోర్ లేచింది. "ఇస్తాను. మీ ఇళ్ళల్లో ఎవరికీ రక్తం కారదని మీరు మాటివ్వండి" అంది. ఎంత పొగరని ఒకటే గోల. ఈవిడ ఉద్యోగం పోవాలన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు ఆర్న్‌ట్. మా నాన్నది ముందు లేచింది. నాకు పద్నాలుగేళ్ళు, నా చెయ్యికి లెక్కలేదు. మీ తాత అటు చూశాడు, ఇటు చూశాడు. ఎత్తాడమ్మా. బతికున్న చెయ్యి కదా, తేలిగ్గానే లేచింది! గున్వోర్ వాడికేసి తిరిగి మామూలుగా, ఎక్స్ఛేంజిలో నంబరు అడిగినట్టు, "ముక్కు బాగుందా హార్ట్‌విగ్?" అంది. చెయ్యి దించకుండానే "బాగుందండీ" అన్నాడు.

ఆ తర్వాత ఊరొదిలి, ఉత్తరాలు తెచ్చే మెయిలు పడవలో ఆవిడ... తన బట్టల పెట్టె ఒక్కతే మోసుకుంటూ...

అదుగో, మంచు తోసే బండి వస్తోంది. గుమ్మంలో నీ బూట్లున్నాయి, నువ్వు ముక్కు వదలకు, నేను లోపల పెడతాను, లేకపోతే మంచులో కప్పెట్టేస్తాడు.