బండ మీద సంగటి

తిప్పక్క అని ఒకామె ఉండెనంట. గొర్రెలు కాసుకునే ముప్పై ఇండ్ల పల్లె. గొర్రె సంగతి ఆమెకు తెలిసినంత ఆ పక్క పది ఊర్లలో ఎవరికీ తెలీదనుకో. సాయంత్రం మంద ఇంకా గట్టు దిగకముందే చెప్పేసేదంట, "అదిగో, ఆ నల్లమూతిది మందలో కలవకుండా పక్కన నిలబడింది, దానికేదో ఉంది, పట్టుకోండి" అని. పట్టుకుని చూస్తే ఉండేది. నోట్లో పుండో, డెక్కలో ముల్లో, ఏదో ఒకటి. "మాట రాని జీవం. దూరంగా నిలబడేదే దాని మాట" అనేదంట. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనిబడుతుంది.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు. ఆడమనిషి ముట్టయితే ఇంట్లో ఉండకూడదు. ఊరి బయట కంచె పక్కన ఒక గుడిసె. ఐదు రోజులు అక్కడే తినాల, అక్కడే పండుకోవాల. ఆరో రోజు తలకు పోసుకుని ఇంటికి రావాల. ఇంట్లోవాళ్లు కూడు తెచ్చి దూరంగా ఒక బండ మీద పెట్టి పోతారు. తిప్పక్కకు ముట్టు నిలిచిపోయి ఎనిమిదేళ్లు. మనవరాలు కూడా పుట్టింది. ఏమైందంటే, ఆ ఏడు ఉగాది పోయినాక ఒకరోజు పొద్దున చూసుకుంటే చీరకు మరక. సిగ్గుతో చచ్చిపోయిందంట పాపం. మొగుడూ కొడుకూ మందను తోలుకుని మేతకు దూరం పోయినారు, వానలు పడితేగాని రారు. ఎవరికి చెప్తుంది? చాపా చెంబూ తీసుకుని గుడిసెకు నడిచింది. బోరుకాడ ఆడోళ్లు చూసి ఊరుకుంటారా? "ఏం పెద్దమ్మా, మళ్లీ పడుచుదానివైతివే! పెద్దనాయన వచ్చేలోగా పందిరి వేయించాల్నా?" అని ఒకతె. "అమ్మవారి మహిమలేవే" అని ఇంకొకతె. ఆమె కూడా నవ్విందంట. నవ్వుతూనే పోయి కూర్చుంది.

ఆరో రోజు తలకు పోసుకుని ఇంటికొచ్చింది. మనవరాల్ని ఎత్తుకుంది. రెండోనాడు మళ్లీ మరక. మళ్లీ గుడిసె. మళ్లీ నీళ్లు, మళ్లీ ఇల్లు, మళ్లీ మరక. ఇట్ల పోతా వస్తా, పోతా వస్తా, చివరికి ఇంటికి రావడమే మానేసింది. మిగతా ఆడోళ్లు వస్తారు, ఐదు రోజులుండి పోతారు. ఆమె ఉంటుంది. నడుము నొప్పి. వాసన కూడా. ఆ వాసనకు భయపడి, వచ్చినోళ్లకు గుడిసె వదిలేసి తాను చూరు కింద పండుకునేదంట. కోడలు ఇంకా పిల్లకు పాలిచ్చే తల్లి, ముట్టు మొదలు కాలా, పూటకొకసారి వచ్చేది. బండ మీద సంగటి పెట్టేది. "అత్తా, పెట్టినా" అనేది. "సరేమ్మా" అనేది ఈమె. నాలుగు నెలలు ఆ రెండు మాటలే అనుకో. ఎట్లుంది అత్తా అని అడిగుంటే చెప్పేదేమో. కోడలు అడగలా. మైల సంగతి నోటితో ఎట్ల అడుగుతారు? మనవరాలు "అవ్వా" అని పరుగెత్తుకొస్తే, "రావద్దు తల్లీ, అంటుకోవద్దు" అని చెయ్యెత్తేది. పిల్ల ఎనక్కి పోయినా ఆ చెయ్యి అట్లనే ఉండేదంట కాసేపు.

ఆషాఢం ఆఖర్లో నర్సమ్మ వచ్చింది, ఎస్తేరమ్మని. బడి అరుగు మీద ఆడోళ్లను కూర్చోబెట్టి, బొమ్మ చూపించి, గర్భసంచి మూతికి క్యాన్సర్ వస్తాదని, ముందుగా పరీక్ష చేసుకుంటే తెలిసిపోతాదని, నయమవుతాదని చెప్తా ఉంటే, వీళ్లు ఒకర్నొకరు గిల్లుకోవడం, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం. "నవ్వండి, నవ్వినాకే వినండి" అనిందంట ఆమె. "ముట్టు నిలిచిపోయినాక మళ్లీ నెత్తురు కనపడితే అది ముట్టు కాదు. ఒక్క చుక్కైనా సరే, ఆస్పత్రికి రావాల." నవ్వు ఆగిపోయింది. ఆ రోజు పందిరి మాట అన్నదే మెల్లగా, "మా తిప్పక్క పెద్దమ్మ..." అనింది. యాడుంది? గుడిసెలో. ఎన్నాళ్ల నుంచి? కోడలే చెప్పింది, ఉగాది నుంచి అని.

నర్సమ్మ బొమ్మలక్కడే వదిలేసి కంచె దాటి పోయింది. "లోపలికి రావద్దమ్మా, మైల" అని తిప్పక్క గోడకు జరిగింది. నర్సమ్మ పోయి అదే చాప మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. అంతే, తిప్పక్క ఏడ్చేసిందంట. నొప్పికి కాదు. ఇంటికి రావడం మానేసినాక మనిషి చెయ్యి తగలడం అదే మొదలు. కొంగుతో కళ్లు తుడుచుకుని అనింది, "గొర్రె పక్కన నిలబడితే రోగమని ఊరికి చెప్పేదాన్ని నేనే కదమ్మా. నేను నాలుగు నెలలు నిలబడితే ఎవరూ కనుక్కోలా. నేనూ కనుక్కోలా."

పెద్దాస్పత్రికి తీసుకుపోయినారు. క్యాన్సరే అన్నారు. గడ్డ మాడాలని కరెంటు పెట్టినారు, సూదులేసినారు. డాక్టరమ్మ ఎవరి తప్పూ పట్టలా. "ముందే ఒక్కసారి పరీక్షకు వచ్చుంటే" అని అక్కడితో ఆపేసిందంట. ఇంటికి తెచ్చి నడింట్లో మంచమేసినారు. మనవరాలు పక్కనే పండుకునేది, అంటుకునే పండుకునేది. మళ్లీ ఉగాది ఆమె చూడలా.

కథ ఇంతే. గుడిసె పీకేస్తామన్నారు. పీకలా. మీకు కనపడేదే, అదిగో. నేనైతే ఎవరు అక్కడికి పోయినా ఎనకాలే పోతా, పక్కన కూర్చుంటా, ఎన్నో రోజు అని అడుగుతా. పిచ్చిదంటారు, అననీ. రేపు నర్సమ్మ వస్తాది పరీక్షకు. నవ్వేవాళ్లు ఈ పొద్దే నవ్వేయండి, మొదట నేనే పోతా. నా కూతురికి ఆ సూది కూడా వేయిస్తా, ఈ రోగం రాకుండా ఆడపిల్లలకు ముందే వేసేది.

ఆ కోడలు ఎవరంటారా? ఇంకెవరు. సంగటి మాత్రం వేడిగానే పెట్టేదాన్ని.